ఊపిరి కూడా అమానతే
(సికింద్రాబాద్, మోండా మార్కెట్ ప్రాంత మస్జిద్‌లో చేసిన జుమా ప్రసంగ పాఠం)

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మట్టితో మనిషిని మలచాడు, అందులో ప్రాణం ఊదాడు, అడగకముందే గాలిని ప్రసాదించాడు. మనం నిద్రిస్తున్నప్పుడు సైతం మన శ్వాస ఆగకుండా కాపాడుతున్నవాడు ఆయనే. ఆయన తప్ప వేరొక ఆరాధ్యుడు లేడని, హజ్రత్ ముహమ్మద్ (స) ఆయన దాసులు, అంతిమ ప్రవక్త అని నేను సాక్ష్యమిస్తున్నాను. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ముందుగా నాకు, తరువాత మీకు తఖ్వాను గురించి హితవు చెప్పుకుంటున్నాను. తఖ్వా నమాజు చాపతో మొదలై నమాజు చాపతో ముగిసేది కాదు. నా చేతి వల్ల, నా మాట వల్ల, నా ఇంటి వల్ల అల్లాహ్ దాసులలో ఎవరికైనా కీడు కలుగుతున్నదా అని తనను తాను లెక్క అడుక్కోవటం కూడా తఖ్వాయే. ఈ రోజు ఆ లెక్కను నాతోనే ప్రారంభించవలసి ఉంది.

కొన్ని నెలలుగా ప్రతి జుమా రోజునా ఒక బాలుడు మస్జిద్ లోపలికి రాకుండా మెట్ల దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోవటం గమనిస్తూ వచ్చాను. వయసు పన్నెండేళ్ళు ఉంటుంది. తండ్రి మన మార్కెట్‌లోనే ఉల్లిగడ్డల బస్తాలు మోసే హమాలీ. పిల్లవాడికి శ్రద్ధ లేదనుకున్నాను. ఒక శుక్రవారం కాస్త కటువుగానే అడిగాను: "ఏం బాబూ, లోపల ఇంత చోటుండగా చెప్పుల దగ్గర కూర్చుంటావెందుకు?" వాడు తల వంచుకుని అన్నాడు: "హజ్రత్, లోపల లోబాన్ పొగ ఉంటుంది. నాకు దమ్మా. ఊపిరాడదు."

సోదరులారా! ఆ లోబాన్‌ను ఇరవై ఏళ్ళుగా ప్రతి జుమాకు ముందు నా చేతులతో నేనే వెలిగిస్తున్నాను. పుణ్యమని వెలిగించాను, మస్జిద్ పట్ల గౌరవమని వెలిగించాను. ఆ పొగ ఒక విశ్వాసిని అల్లాహ్ గృహం గడప దాటనివ్వలేదు.

ఆ రాత్రి నాకు గుర్తుకు వచ్చినది మీరందరూ ఎరిగిన హదీసే. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. ఆదం సంతతిని బాధించేదే దైవదూతలను కూడా బాధిస్తుందని అందుకు కారణం కూడా తెలియజేశారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలో ఈ విషయం వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి బస్తాల నడుమ బ్రతుకుతున్న మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. జుమా నాడు దుకాణం కట్టి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని వస్తాము. ఉల్లి హరామ్ కాదు, వెల్లుల్లి హరామ్ కాదు. అయినా పక్కన నిలబడిన వాని ముక్కుకు కలిగే బాధను మన ధర్మం లెక్కలోకి తీసుకుంది. ముక్కుకు కలిగే బాధకే ఇంత విలువ ఉంటే, ఊపిరిని బిగబట్టే పొగకు ఎంత విలువ ఉండాలి? ఆ హదీసు ప్రకారం దూరంగా ఉండవలసినవాడు బాధ కలిగించేవాడు. మన మస్జిద్‌లో దూరమైనవాడు ఏ తప్పూ చేయని ఒక పిల్లవాడు.

సుగంధం సున్నత్ కదా అని మీలో కొందరు ప్రశ్నించవచ్చు. నిస్సందేహంగా సున్నతే. దైవప్రవక్త (స) సుగంధాన్ని ప్రేమించారు. మదీనా మస్జిద్‌లో ధూపం వేసే సేవ చేసినందుకే తాబయీలలో ఒకరైన నుఐమ్ గారికి 'అల్-ముజ్మిర్', అంటే ధూపం వేసేవారు, అనే పేరు స్థిరపడింది. ధూపాన్ని నేను తప్పు పట్టటం లేదు. తలుపులు మూసిన గదిలో, రోగి ఉన్నాడని తెలిసి కూడా పొగ నింపటం వేరు, సుగంధం వేరు. చెవి వెనుక రాసుకున్న ఒక చుక్క అత్తరుతో సున్నత్ నెరవేరుతుంది. ఆ అత్తరు కూడా పక్కవానికి దగ్గు తెప్పించనంత వరకే.

ఇంతకీ ఈ ఉబ్బసం ఏమిటి? మన ఊపిరితిత్తులలోకి గాలిని చేరవేసే సన్నని గొట్టాలున్నాయి. ఉబ్బసం ఉన్నవారిలో ఆ గొట్టాల లోపలి పొర ఎల్లప్పుడూ కొద్దిగా వాచి ఉంటుంది. పొగ, దుమ్ము, బొద్దింకల మలినం, గోడల బూజు, చల్లగాలి, జలుబు వంటి వాటిలో ఏదో ఒకటి తగలగానే గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల కఫం చేరుతుంది. గాలి లోపలికి వెళ్ళటం కంటే బయటికి రావటం మరీ కష్టమవుతుంది. అందుకే పిల్లికూతలు, ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. ఇది అంటువ్యాధి కాదు. దృష్టి తగలటం వల్ల వచ్చేది కాదు. సూరా అల్-అన్ఆమ్ 125వ ఆయతులో, మార్గభ్రష్టుని హృదయ స్థితిని వివరిస్తూ అల్లాహ్ ఆకాశంలోకి ఎక్కుతున్నవాని ఛాతీ ఇరుకైపోవటాన్ని పోలికగా చెప్పాడు. ఉబ్బసం ఉన్నవారు ఆ ఇరుకును రాత్రివేళల్లో తమ దేహంతోనే ఎరుగుదురు.

మన పూర్వ వైద్యులకు ఇది కొత్త విషయం కాదు. సుమారు పదకొండు శతాబ్దాల క్రితం హకీమ్ అబూ బకర్ అర్-రాజీ, వసంతకాలంలో గులాబీల వాసన తగిలినప్పుడు ఒక పండితుని ముక్కు కారటానికి గల కారణాలను గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాశారు. అందరికీ పరిమళమైన గులాబీ ఒకనికి రోగమవుతుందని గుర్తించిన వైద్యుడాయన. పన్నెండవ శతాబ్దంలో ఈజిప్టులో సుల్తాన్ సలాహుద్దీన్ కాలపు యూదు వైద్యుడు ముసా బిన్ మైమూన్ ఈ ఉబ్బసం మీదనే అరబీలో ఒక గ్రంథం రచించి, అందులో నగరాల గాలి చెడిపోవటాన్ని ప్రస్తావించాడు. రోగి చుట్టూ ఉన్న గాలి కూడా వైద్యంలో భాగమేనని వారు ఆనాడే గ్రహించారు.

ఇక మన కాలానికి, మన నేలకు వద్దాం. మన సికింద్రాబాద్‌కు ఆనుకుని ఉన్న తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1980వ దశకం చివర హైదరాబాద్ పరిసర గ్రామాలలో తల్లీబిడ్డల పోషణపై ఒక పరిశీలన చేపట్టింది. ఆ కుటుంబాలనే పరిశోధకులు తరువాతి దశాబ్దాలలో కూడా అనుసరించారు. వాటిలో 28 గ్రామాలలో బార్సిలోనా నగరానికి చెందిన ఐఎస్‌గ్లోబల్ సంస్థ పరిశోధకులు, మన దేశ శాస్త్రవేత్తలతో కలిసి, గాలిలోని సన్నని ధూళిని లెక్కించారు. కొందరు గ్రామస్థులు ధూళిని కొలిచే పరికరాన్ని, చిన్న కెమెరాను ధరించి తమ రోజువారీ పనులు చేసుకున్నారు. ఏ పని చేస్తున్నప్పుడు ఎంత ధూళి మనిషికి తగులుతున్నదో అలా తెలిసింది. ధూళి ఎక్కువగా తగిలే సమయాలలో వంట ఒకటని తేలింది.

2020లో వెలువడిన వారి ఒక అధ్యయనంలో 3,717 మంది పాల్గొన్నారు. అక్కడి బయటి గాలిలో సన్నని ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వం నిర్ణయించిన ఏడాది పరిమితి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారిలో దాదాపు 58 శాతం మంది ఇళ్ళలో కట్టెలు, పిడకల వంటి వాటితోనే వంట సాగుతున్నది. ధూళి ఎక్కువగా ఉన్నచోట మనుషుల ఎముకల బలం కూడా తక్కువగా కనిపించింది. ఛాతీలోకి వెళ్ళినది ఛాతీలోనే ఆగిపోదన్న మాట. అవి పొలాల మధ్యనున్న పల్లెలు, సోదరులారా! ఆటోలు, లారీలు ఆగక తిరిగే మన బజారు వెనుక, కిటికీ లేని ఒంటిగదిలో, మంచం పక్కనే పొయ్యి ఉన్న ఇంటి సంగతి మీరే ఆలోచించుకోండి.

ఇళ్ళలోని పొగ వల్ల ప్రపంచంలో ఒక్క 2020లోనే దాదాపు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళు నిండని పసివారు. వారు పొయ్యి వెలిగించలేదు, సిగరెట్ ముట్టలేదు, కాయిల్ కొనలేదు. పెద్దలు నింపిన గాలిని పీల్చారు, అంతే. తీర్పుదినాన ప్రతి కాపరినీ తన మందను గురించి ప్రశ్నించటం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇంటి యజమానికి అప్పగించబడినది కేవలం తిండీ బట్టా మాత్రమేనా? ఆ నాలుగు గోడల నడుమ ఉన్న గాలి కూడా అమానతే.

ఇప్పుడు దోమల సంగతి చూద్దాం. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20న, ఈ సికింద్రాబాద్‌లోనే, మన బేగంపేటలోనే. దోమను తేలికగా తీసుకోమని నేను చెప్పటం లేదు. దోమను తరిమేందుకు మనం చేస్తున్నదేమిటన్నదే ప్రశ్న. చైనా, మలేషియాలలో తయారైన దోమల కాయిల్స్‌ను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2003లో ఒక సంగతి వెల్లడించారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుండి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానం. ఇంట్లో ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే మనం మందలిస్తాము. అదే ఇంట్లో పసిపాప ఉయ్యాల కింద కాయిల్ వెలిగించి, తలుపు గడియ పెట్టి, ఆయతుల్ కుర్సీ చదువుకుని పడుకుంటాము!

ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు అందులోని వారితో సహా కాలిపోయింది. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) నిప్పు మీకు శత్రువని హెచ్చరించి, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో, ముస్లింలో ఉంది. తెల్లవార్లూ మంచం కింద రగిలే కాయిల్‌కు, చలికాలంలో మూసిన గదిలో రగిలే బొగ్గుల కుంపటికి ఈ ఆదేశం వర్తించదా? కుంపటి నుండి వెలువడే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవారు నిద్రలోనే వెళ్ళిపోతారు. దోమతెర కట్టుకోండి. కిటికీలకు జాలీ బిగించుకోండి. నీరు నిలువ ఉంచకండి. దోమతెర ధర కొన్ని నెలల కాయిల్స్ ఖర్చును మించదు.

ఇతరులకు హాని చేయరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్న ప్రవక్త సూత్రం ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. మన ఫిఖ్హ్ పండితులు దీని మీద ఎన్నో తీర్పులను నిర్మించారు. హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా 19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యంలో కూర్చిన 'మజల్లా' అనే ధర్మశాస్త్ర సంకలనంలో పొరుగువారి మధ్య హక్కుల అధ్యాయం ఒకటుంది. ఒకని పొయ్యి పొగ పొరుగువాడు తన ఇంట్లో నివసించలేనంతగా ఉంటే, ఆ హానిని తొలగించవలసిందేనని అందులో విధించారు. నా స్థలం, నా పొయ్యి, నా ఇష్టం అన్న వాదం అక్కడ చెల్లలేదు. మన వీధిలో ఎండుమిర్చి దంచేవారు, సందులో చెత్త తగులబెట్టేవారు, దుకాణం షట్టర్ సగం దించి లోపల బీడీ కాల్చేవారు ఈ మాటను తమకు చెప్పినట్లుగానే వినాలి.

ఇక వైద్యం. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును దించాడని, కనుక వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ప్రబోధించారు. మన దేశంలో ఉబ్బస రోగులు సుమారు 3 కోట్ల 40 లక్షల మంది అని 2019 నాటి అంచనా. ప్రపంచ రోగులలో ఇది 13 శాతం. ఉబ్బసంతో మరణించేవారిలో మాత్రం 40 శాతానికి పైగా మనవారే. వ్యాధి మనకు ఎక్కువ ఇవ్వబడలేదు. వైద్యాన్ని మనమే తక్కువగా అందుకుంటున్నాము. ఏటా మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం బారులు తీరే జనాన్ని మీరు చూసే ఉంటారు. దేశం నలుమూలల నుండి, అన్ని మతాలవారూ వస్తారు. ఊపిరి కోసం మనిషి ఎంత దూరమైనా వెళతాడనటానికి ఆ వరుసలే సాక్ష్యం. ఎవరి నమ్మకాన్నీ నేనిక్కడ విమర్శించటం లేదు. ఎక్కడికి వెళ్ళినా సరే, వైద్యుడు ఇచ్చిన మందును మాత్రం మానకండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం మనలో పాతుకుపోయింది. అది చివరి దశలో వాడేదని మరొక అపోహ. నిజానికి మాత్రలో మందు మిల్లీగ్రాములలో ఉంటే, ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాములలో ఉంటుంది. ఒక మిల్లీగ్రాములో వెయ్యి మైక్రోగ్రాములు! ఆ కొద్ది మందు నేరుగా రోగం ఉన్నచోటికే చేరుతుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే ఉపశమనానికి పీల్చే మందు ఒకటి, లోపలి వాపును తగ్గించేది మరొకటి. ఉపశమన మందు ఒక్కదానితోనే కాలం గడపరాదని 2019లో అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు పెద్దలకు, కౌమార వయసు వారికి స్పష్టం చేశాయి. కాబట్టి మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవటంతో సరిపెట్టుకోకండి. బస్తీ దవాఖానాకు వెళ్ళండి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్ళండి. స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించుకోండి.

మరొక మాట చెప్పటానికి నాకు బాధగా ఉంది. పెళ్ళి సంబంధాలు రావేమోనని కొందరు తల్లిదండ్రులు ఆడపిల్ల ఇన్‌హేలర్‌ను దాచిపెడుతున్నారు. పెళ్ళయ్యాక ఆ అమ్మాయి అత్తవారింట స్నానాల గదిలో దాక్కుని మందు పీల్చవలసి వస్తున్నది. పెళ్ళి మాటల్లో దాపరికం అమానత్‌కు విరుద్ధం. రోగం ఉన్నదని తెలిసి ఒక పిల్లను చులకన చేయటం అంతకంటే పెద్ద దోషం.

రమజాన్‌లో ఇన్‌హేలర్ వాడితే రోజా భంగమవుతుందా అని నన్ను ఏటా అడుగుతుంటారు. ఈ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. భంగం కాదని షేఖ్ ఇబ్నె బాజ్ వంటి వారన్నారు. మన హనఫీ ముఫ్తీలలో అనేకులు భంగమవుతుందన్నారు. మీరు అనుసరించే ముఫ్తీని అడగండి. అయితే ఒక విషయంలో భేదాభిప్రాయానికి తావు లేదు. రోగికి రోజా విడిచి, ఆ లెక్కను తరువాత పూర్తి చేసుకునే సౌలభ్యాన్ని సూరా అల్-బఖరాలో అల్లాహ్ స్వయంగా ప్రసాదించాడు. ఆయాసంతో ప్రాణం మీదకు వచ్చినప్పుడు మందు పీల్చకపోవటం భక్తి కాదు. రోజూ వాడే మందును సహరీలో, ఇఫ్తార్‌లో తీసుకునే వీలుందేమో వైద్యుని సంప్రదించండి.

ఈ మాటలతో మొదటి ఖుత్బాను ముగిస్తూ నా కోసం, మీ కోసం, సమస్త విశ్వాసుల కోసం అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాను. మీరూ అర్థించండి. ఆయన అమితంగా క్షమించేవాడు, అపార కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్తపై దరూద్, సలామ్.

సోదరులారా! విన్నది ఇంటికి చేరాలి. వంట సాగినంతసేపూ కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. స్తోమత ఉన్నవారు పొగ బయటికి లాగే ఫ్యాన్ బిగించండి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశంలో 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి ఎందరో తల్లుల కళ్ళ నుండి కట్టెల పొగను తప్పించాయి. గ్యాస్ పొయ్యి ఉన్నా గాలి ఆడని గదిలో తాలింపు పొగ పొగే. వంట చేసే ఇల్లాలి దగ్గును రోజూ వినేదే కదా అని వదిలేయకండి. పడకలను, దిండ్లను వారానికొకసారి ఎండలో వేయండి. పొడి చీపురుతో దుమ్ము లేపటం కంటే తడిగుడ్డతో తుడవటం మేలు. వానాకాలంలో చెమ్మగిల్లే గోడల బూజును కడిగివేయండి. ఇంట్లో సిగరెట్, బీడీ మానండి. మానలేనివారు కనీసం ఇంటి గడప లోపల కాల్చకండి. మిర్చి, పసుపు, అల్లం వెల్లుల్లి బస్తాల మధ్య పనిచేసే హమాలీలకు యజమానులు ముక్కుకు గుడ్డ, గోదాముకు గాలి కల్పించాలి. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ధర్మం, అతని ఊపిరిని విస్మరించనిస్తుందా?

ఇక మస్జిద్. హజ్రత్ ముఆజ్ (రజి) ఇషా నమాజులో సూరా అల్-బఖరా చదివి నమాజును పొడిగించినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను గట్టిగా మందలించారు. నీ వెనుక వృద్ధులు, బలహీనులు, అవసరాలున్నవారు నిలబడతారని గుర్తు చేశారు. దివ్యఖుర్ఆన్ పారాయణాన్నే బలహీనుని కోసం కుదించమన్న ధర్మంలో, ఒక ఇమామ్ తన లోబాన్‌ను విడువలేడా?

కమిటీ పెద్దలతో మాట్లాడి నేను లోబాన్ ఆపివేశాను. ఆ బాలుడు లోపలికి వచ్చాడు. రెండవ శుక్రవారం సజ్దాలో మళ్ళీ దగ్గాడు. ఈసారి కారణం తివాచీల దుమ్ము. వాటిని మనం ఏడాదికొకసారి, రమజాన్‌కు ముందు మాత్రమే దులుపుతున్నాము. నుదురు ఆనించే చోటే వానికి ఊపిరి ఆగింది. కాబట్టి వచ్చే ఆదివారం ఫజ్ర్ తరువాత తివాచీలన్నీ పైకప్పు మీదికి చేర్చి ఎండబెట్టాలని నిర్ణయించాము. యువకులు రావాలి. ఆస్తమా ఉన్నవారు మాత్రం ఆ పనికి రాకండి, వారి వంతు నేను మోస్తాను.

యా అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. రాత్రివేళ ఊపిరి అందక లేచి కూర్చునేవారి ఛాతీలను విశాలపరచు. మా చేతుల వల్ల, మా ఇళ్ళ వల్ల, తెలిసీ తెలియక నీ దాసులకు కలిగిన బాధను క్షమించు. వారి చేత మమ్మల్ని క్షమింపజేయి. వైద్యులకు, శాస్త్రవేత్తలకు మేలు దారి చూపు. ఈ బజారులో పనిచేసే ప్రతి ఒక్కరికీ, వారు ఏ మతస్థులైనా సరే, హలాల్ ఉపాధినీ, ఆరోగ్యాన్నీ అనుగ్రహించు. మా చివరి శ్వాసను నీ నామస్మరణతో ముగించు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! అల్లాహ్ మనకు న్యాయాన్నీ, ఉపకారాన్నీ ఆదేశించాడు. నమాజుకు లేవండి. వరుసలు సరిచేసుకోండి. కిటికీల దగ్గర ఉన్నవారు వాటిని పూర్తిగా తెరవండి.